ఫ్లోరైడ్ మీటర్ రీడింగ్ నిలబడట్లేదు, బ్లాక్ మొత్తం వై-ఫై ఆపేయాలా?

నీళ్లపరీక్ష_నల్లగొండ

అందరికీ నమస్కారం. నల్లగొండ దగ్గర ఒక క్యాంపస్‌లో కెమిస్ట్రీ రీసెర్చ్ స్కాలర్‌ని. పల్లెల నుంచి బోరు నీళ్లు తెచ్చి ఫ్లోరైడ్ కొలవడం మా పని. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్, మిల్లీవోల్ట్ మీటర్, టిసాబ్ బఫర్ (కొలిచే ముందు నీళ్లలో కలిపే ద్రావణం), ప్లాస్టిక్ బీకర్లు, అన్నీ పద్ధతి ప్రకారమే ఉన్నాయి. ఎండాకాలం సెలవుల్లో సైన్స్ బ్లాక్‌లో కొత్తగా వై-ఫై వేశారు. సరిగ్గా మా బల్ల పైన సీలింగ్‌కి ఒక యాక్సెస్ పాయింట్, అంటే వై-ఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె, బిగించారు. అప్పటి నుంచి రీడింగ్ ఒకచోట నిలబడట్లేదు. ఒకసారి 2 మిల్లీవోల్టులు, ఇంకోసారి 4 దాకా ఊగుతోంది. మధ్యాహ్నం ఎక్కువ, రాత్రి తక్కువ. పూర్తిగా మాత్రం పోదు.

2 మిల్లీవోల్టులకే ఇంత గొడవా అనుకోకండి. ఈ ఎలక్ట్రోడ్‌లో గాఢత పదింతలు పెరిగినా మారేది 59 మిల్లీవోల్టులే. 2 మిల్లీవోల్టులు అటూ ఇటూ అయితే లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు 1.39 అనో 1.62 అనో వస్తాయి. తాగునీటి ప్రమాణం బీఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1.0 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీటి వసతి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ 1.5 దగ్గర నేను రాసే అంకెను చూసే ఒక ఊళ్లో బోరు వాడాలా వద్దా అనుకుంటారు. ఫ్లోరైడ్ ఎక్కువై వంకర కాళ్లతో నడిచే పెద్దవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం, ఇక్కడ ఉజ్జాయింపు లెక్కతో సరిపెట్టుకోలేను.

మా హెడ్ సార్ బ్లాక్ మొత్తం వై-ఫై తీసేయమని లెటర్ పెట్టబోతున్నారు. పక్క డిపార్ట్‌మెంట్లు ఒప్పుకోవట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

క్యాంపస్‌నెట్_పాలమూరు

మేడం, నేను మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీ నెట్‌వర్క్ చూసుకుంటాను. లెటర్ ఒక వారం ఆపించండి. ముందు మీ నెట్‌వర్క్ వాళ్లను మూడు విషయాలు అడగండి: ఆ యాక్సెస్ పాయింట్ ఎంత పవర్‌తో నడుస్తోంది, 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండు రేడియోలూ ఆన్‌లో ఉన్నాయా, ఎన్ని ఎస్‌ఎస్‌ఐడీలు (ఫోన్‌లో కనిపించే వై-ఫై పేర్లు) పెట్టారు. చాలా చోట్ల ఇన్‌స్టాల్ చేసినవాళ్లు పవర్ ఫుల్లుగా పెట్టి వెళ్లిపోతారు, తర్వాత ఎవరూ తిరిగి చూడరు.

రాత్రి ఎవరూ వాడకపోయినా తేడా ఎందుకు పోదో చెప్తాను. ఫోన్ కనెక్ట్ అయినా కాకపోయినా యాక్సెస్ పాయింట్ తన పేరు చెప్పుకుంటూ బీకన్లు పంపుతూనే ఉంటుంది. మామూలు సెట్టింగ్‌లో 102.4 మిల్లీసెకన్లకు ఒకటి, అంటే సెకనుకు దాదాపు 10. అది ఒక్కో ఎస్‌ఎస్‌ఐడీకి. స్టాఫ్, స్టూడెంట్, గెస్ట్, ఎగ్జామ్ సెల్, హాస్టల్ అని ఐదు పేర్లు పెడితే సెకనుకు 50 అవుతాయి.

సర్క్యూట్_సూర్యాపేట

నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు. వై-ఫై ఉండేది 2400 మెగాహెర్ట్జ్ పైన. మీ మీటర్ చూసేది డీసీ వోల్టేజీ, నెమ్మదిగా మారేది. ఆ స్పీడును మీటర్ గుర్తించను కూడా గుర్తించదు. కెమిస్ట్రీలోనే వెతకండి. మాగ్నెటిక్ స్టిర్రర్ మోటార్ వేడెక్కి బీకర్‌ను వేడి చేస్తుంది, మధ్యలో థర్మోకోల్ ముక్క పెడుతున్నారా? స్టాండర్డ్ (ఫ్లోరైడ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణం), శాంపిల్ ఒకే వేడిమిలో ఉంటున్నాయా? మధ్యాహ్నం ఎక్కువ ఊగుతోంది అన్నారు, ఎండాకాలంలో ల్యాబ్ వేడి కూడా మధ్యాహ్నమే ఎక్కువ.

నీళ్లపరీక్ష_నల్లగొండ

థర్మోకోల్ ఉంది సార్. శాంపిల్స్ అన్నీ రాత్రంతా ఒకే గదిలో ఉంచి పొద్దున కొలుస్తాం. వేడి వల్ల వచ్చే తేడా ఒకవైపే నెమ్మదిగా జరుగుతుంది, అది మాకు అలవాటే. ఇది అలా కాదు, దూకుతోంది.

దేవరకొండ_ఈఎంసీ

మాది దేవరకొండ, హైదరాబాద్‌లో ఈఎంసీ టెస్టింగ్‌లో, అంటే పరికరాలు ఒకదానికొకటి రేడియో అంతరాయం కలిగిస్తాయా అని పరీక్షించే పనిలో ఉంటాను. సూర్యాపేట అన్న చెప్పిన స్టిర్రర్ సంగతి సరైనదే, ముందు అది తేల్చుకోవాలి. కానీ "మీటర్ గుర్తించదు" అన్నదానితో ఒప్పుకోను.

మీటర్ లోపల మొదటి మెట్టులో ఉండే ఆంప్లిఫయర్ చిప్ 2.4 గిగాహెర్ట్జ్‌ను పెంచలేదు, నిజమే. పెంచలేకపోయినా, చిప్ లోపలి ట్రాన్సిస్టర్ జంక్షన్లు డయోడ్ మాదిరి పనిచేసి ఆ సిగ్నల్‌ను రెక్టిఫై చేస్తాయి, అంటే ఏసీని డీసీగా మారుస్తాయి. అప్పుడు దాని పవర్‌ను బట్టి ఒక చిన్న డీసీ వోల్టేజీ పుడుతుంది. మీటర్‌కు కనిపించేది ఆ డీసీ. ఎలక్ట్రోడ్ వోల్టేజీ ఏదో, ఇది ఏదో దానికి తెలియదు. వై-ఫై ట్రాఫిక్ పెరిగితే ఈ డీసీ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. మధ్యాహ్నం లంచ్‌లో అందరూ ఫోన్లు తీసే టైమ్‌కి దూకడం ఎక్కువైతే ఆశ్చర్యం లేదు.

ఇంక లోపలికి దారి ఏది? ఎలక్ట్రోడ్ కేబుల్. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, మూడు సెంటీమీటర్ల షీల్డ్ (కేబుల్ లోపల చుట్టూ ఉండే లోహపు జడ) తెగి ఉంటే చాలు, అదే యాంటెనా. పైగా ఈ ఎలక్ట్రోడ్ల ఇంపీడెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం) ఎక్కువ, మీటర్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ అంతకంటే ఎక్కువ. చిన్న అలజడి కూడా అక్కడ పెద్దగా కనిపిస్తుంది.

ఇప్పుడు లెక్క. ఈఐఆర్‌పీ, అంటే యాంటెనా నుంచి బయటికి వెళ్లే పవర్, వాట్లలో తీసుకుని 30తో గుణించి, వర్గమూలం తీసి, మీటర్లలో దూరంతో భాగిస్తే ఫీల్డ్ వస్తుంది. 100 మిల్లీవాట్ల యాక్సెస్ పాయింట్, బల్లకు రెండున్నర మీటర్ల పైన: మీటరుకు సుమారు 0.7 వోల్టులు. ఇక మీ ఫోన్. 4జీ ఫోన్ గరిష్ఠంగా 200 మిల్లీవాట్లు పంపుతుంది. అది కేబుల్‌కు 15 సెంటీమీటర్ల దూరంలో బల్ల మీద ఉంటే ఇదే లెక్కలో మీటరుకు సుమారు 16 వోల్టులు. అంత దగ్గర ఈ సూత్రం ఉజ్జాయింపే అయినా, దేని పాలు ఎక్కువో తెలుస్తుంది. సీలింగ్ వైపు చూసే ముందు బల్ల మీద చూడండి.

హాస్టల్_సి_బ్లాక్

అన్నా మంచి మాట చెప్పిండు. ఏం జరిగినా ముందు వై-ఫైనే బంద్ పెడ్తరు. మా క్యాంపస్‌ల గిట్లనే లైబ్రరీ పక్క బ్లాక్‌ల తీసేసిండ్రు. జర్నల్ పేపర్లు డౌన్‌లోడ్ చేస్కోవాలంటే క్యాంపస్ నెట్‌ల ఉంటెనే అయితది, బయట పైసలు కట్టాలె. సొంత డేటా మీద ఎన్ని రోజులు నడుస్తది? ఇంటి నుంచి నెలకు లెక్కపెట్టి పంపే పిల్లలు మస్తు మంది ఉన్నరు. మేడం, మీ పని ముఖ్యమే, నేను కాదంటలేను. మా అమ్మమ్మకు కూడా ఆ నీళ్లతోనే మోకాళ్లు వంగకుంట అయినయ్. గని బ్లాక్ మొత్తం తీసుడు ఆఖరికి చేయాల్సిన పని, మొదట కాదు.

దేవరకొండ_ఈఎంసీ

తమ్ముడు చెప్పినదానికి ఇంకో కారణం కలుపుతాను, ఇది చాలామందికి తట్టదు. వై-ఫై తీసేస్తే ఫోన్లు ఊరుకోవు, మొబైల్ డేటాకు వెళ్తాయి. రాతి గోడలు, స్లాబు కింద టవర్ సిగ్నల్ బలహీనంగా ఉంటే ఫోన్ తన పవర్ పెంచుకుంటుంది, చేను అవతలి గట్టు మీదున్న మనిషిని కేకేసి పిలిచినట్టు. వై-ఫై దగ్గర్లో ఉన్నప్పుడు మెల్లగా మాట్లాడే ఫోన్, వై-ఫై లేనప్పుడు మీ మీటర్ పక్కనే గరిష్ఠ పవర్‌తో మాట్లాడుతుంది. అంటే బ్లాక్‌లో వై-ఫై తీసేస్తే మీ రీడింగ్ ఇంకా చెడే అవకాశం ఉంది.

పాలమూరు_ఫిజిక్స్

బోధన నా వృత్తి, కాబట్టి కొంచెం వివరంగా. అంతరాయం ఎక్కడిదో కనిపెట్టాలంటే దాని లయ చూడాలి. మీటర్‌కు అనలాగ్ అవుట్‌పుట్ ఉంటే ఆసిలోస్కోప్‌కు కలపండి. 50 హెర్ట్జ్ కనిపిస్తే కరెంటు లైను. 100 అయితే రెక్టిఫయర్లు, ఎల్‌ఈడీ లైట్ల డ్రైవర్లు. సెకనుకు పది దెబ్బలు పడుతుంటే బీకన్లను అనుమానించండి. 217 హెర్ట్జ్ వస్తే 2జీ ఫోన్, పాత స్పీకర్ల దగ్గర కాల్ వచ్చే ముందు వినిపించే టకటక చప్పుడు అదే. ఏ లయా లేకుండా నెమ్మదిగా జరిగితే వేడిమి లేదా రసాయనం.

లయతో పాటు సమయం కూడా చూడాలి. ఆస్ట్రేలియాలోని పార్క్స్‌లో 64 మీటర్ల రేడియో టెలిస్కోప్ ఉంది. 1998 నుంచి అక్కడి రికార్డుల్లో అప్పుడప్పుడూ వింత సంకేతాలు పడేవి, అచ్చం అంతరిక్షం నుంచి వచ్చినట్టు. పడేదేమో ఎక్కువగా పగటిపూట, మనుషులు తిరిగే వేళ. 2015లో తేలింది ఏమిటంటే, అక్కడి మైక్రోవేవ్ ఓవెన్ ఆగకముందే ఎవరో తలుపు తెరిచినప్పుడు అవి వస్తున్నాయి. అంత పెద్ద కేంద్రంలో ఏళ్లు పట్టింది. దొరికింది ఎలాగంటే, ఏ సమయంలో ఏం ఆన్‌లో ఉందో జత చేసి చూశారు కాబట్టి. మీరూ ఒక నోట్‌బుక్ పెట్టండి: సమయం, రీడింగ్, ఏం నడుస్తోంది. ఒకసారికి ఒక్కటే మార్చండి. యాక్సెస్ పాయింట్ ఆపి, ఫోన్లు బయట పెట్టి, కేబుల్ కూడా మార్చితే రీడింగ్ బాగుపడవచ్చు, కానీ దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

ఎలక్ట్రీషియన్_మిర్యాలగూడ

నేను చదువుకున్నోణ్ణి కాదు గని ముప్పై ఏండ్ల సంది వైరింగ్ పనే. మేడం, ఎర్తింగ్ చూసిండ్రా? మన దిక్కు భూమి రాయి. నాలుగైదు అడుగులు తవ్వితే గుండు తగుల్తది. రెండున్నర మీటర్ల పైపు దిగాల్సిన కాడ సగమే దింపి బొగ్గు, ఉప్పు పోసి మూత పెట్టి పోయినోళ్లు ఉన్నరు. వానకాలం ఎట్లనో నడుస్తది, ఎండకాలం ఆ గుంత ఎండిపోయి ఎర్త్ పేరుకే ఉంటది. ల్యాబ్ సాకెట్‌ల న్యూట్రల్‌కు, ఎర్త్‌కు నడుమ వోల్టేజీ చూడుండ్రి. ఒకటి రెండు వోల్టులు ఉంటే ఏం కాదు. అంతకు మించితే, అందులో బోరు మోటార్ వేసినప్పుడు పెరిగితే, మీ కథ అక్కడ సగం ఉన్నట్టే. గుంతల నీళ్లు పోసి మళ్ల చూడుండ్రి, తేడా తెలుస్తది.

కల్వకుర్తి_ల్యాబ్

మధ్యలో వస్తున్నా, క్షమించాలి. మాది చిన్న ఆస్పత్రి. ఈసీజీ, మానిటర్ల దగ్గర వై-ఫై పెట్టొచ్చా?

దేవరకొండ_ఈఎంసీ

వైద్య పరికరాలకు ఐఈసీ 60601-1-2 అని వేరే ప్రమాణం ఉంది. 2014 ఎడిషన్ నుంచి వై-ఫై, ఫోన్ లాంటివి దగ్గరగా ఉన్నప్పటి పరీక్షలు అందులో చేర్చారు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు 28 వోల్టులతో పరీక్షిస్తారు. మీ పరికరం పుస్తకంలో ఏ ఎడిషన్ రాసి ఉందో, ఎంత దూరం పాటించమన్నారో చూసి దాని ప్రకారం వెళ్లండి. ల్యాబ్ పరికరాలది ఐఈసీ 61326, అందులో ఫీల్డ్ స్థాయిలు ఇంత కఠినం కాదు. అందుకే ఆస్పత్రి మానిటర్ తట్టుకున్నది ల్యాబ్ మీటర్ తట్టుకోకపోవచ్చు.

నల్లగొండ మేడం, మీ మీటర్‌తో బీఎన్‌సీ షార్టింగ్ క్యాప్, అంటే ఎలక్ట్రోడ్ కేబుల్ తగిలించే సాకెట్‌ను షార్ట్ చేసే మూత, వచ్చే ఉంటుంది. ఎలక్ట్రోడ్ తీసి అది పెట్టండి. రీడింగ్ రాయిలా నిలబడితే మీటర్ బాగున్నట్టే, గొడవ కేబుల్‌లోనో ఎలక్ట్రోడ్‌లోనో ఉంది. క్యాప్ పెట్టినా ఊగితే కరెంటు, ఎర్త్ వైపు వెళ్లండి.

నీళ్లపరీక్ష_నల్లగొండ

మీరంతా చెప్పినట్టు ఒక్కొక్కటే చేస్తూ వచ్చాం. ఆలస్యానికి కారణం అదే. 1.5 స్టాండర్డ్ బీకర్‌లో పెట్టి, మిగతావేవీ కదపకుండా చూశాం.

షార్టింగ్ క్యాప్: పగలు బోరు మోటార్ నడుస్తున్నప్పుడు అర మిల్లీవోల్ట్ కదిలింది, మిగతా టైమ్‌లో స్థిరం.

యాక్సెస్ పాయింట్ మాత్రమే ఆపితే: 4 మిల్లీవోల్టుల ఊపు సుమారు 3కి తగ్గింది.

యాక్సెస్ పాయింట్ మళ్లీ ఆన్ చేసి, ఫోన్లన్నీ కారిడార్‌లో పెడితే: ఒకటిన్నరకు వచ్చింది. ఇది చూసి మా హెడ్ సార్ రెండోసారి చేయించారు. మళ్లీ అదే.

తర్వాత కేబుల్. కనెక్టర్ మెడ దగ్గర, అక్కడే ఎప్పుడూ వంగుతుంది, పట్టుకుని కొంచెం వంచితే అంకె ఒక్కసారిగా 6 మిల్లీవోల్టులు దూకింది. వదిలేస్తే వెనక్కి రాలేదు, ఇంకో చోట నిలబడింది. పైన నల్ల తొడుగు బాగానే ఉంది. ఇన్‌స్ట్రుమెంటేషన్ సార్ కనెక్టర్ విప్పితే లోపల షీల్డ్ జడ సగానికి పైగా తెగి, నాలుగు పోగుల మీద వేలాడుతోంది. ఆ ముక్క కోసేసి కొత్త బీఎన్‌సీ వేశారు. యాక్సెస్ పాయింట్ ఆన్‌లో ఉంచి, ఫోన్లు బయట పెట్టి కొలిస్తే ఇప్పుడు ఊపు 0.3.

మిర్యాలగూడ అన్నా, మోటార్ వేస్తే మా సాకెట్‌లో న్యూట్రల్-ఎర్త్ మధ్య 7 వోల్టులు వచ్చింది. గుంతలో నాలుగు బిందెలు పోస్తే సాయంత్రానికి 3కి దిగింది.

ఎలక్ట్రీషియన్_మిర్యాలగూడ

నీళ్లు పోసుడు నాలుగు రోజుల ముచ్చట. బ్లాక్‌కు వేరే కొత్త గుంత వేయించుండ్రి, రాయి ఉంటే బోరు బండి తోటి హోల్ కొట్టించి కడ్డీ దింపి బెంటోనైట్, తేమ పట్టి ఉంచే మట్టి, పోయాలె. ల్యాబ్‌కు వేరే ఎర్త్ వైరు గుంజినా సరే, దాన్ని బిల్డింగ్ ఎర్త్‌తోని కలపాలె. విడిగా ఉంచితే పిడుగు పడ్డనాడు మనిషికే ప్రమాదం.

సర్క్యూట్_సూర్యాపేట

ఫోన్లు తీస్తే వచ్చిన తేడా చూశాక రేడియో సంగతి ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు నా ప్రశ్న: మిగిలిన 0.3 కోసం ఫారడే పంజరం, అంటే రేడియో తరంగాలను ఆపే లోహపు జాలీ గది, కట్టాలా?

పాలమూరు_ఫిజిక్స్

ఈ పనికి అక్కర్లేదు. 0.3 మిల్లీవోల్ట్ అంటే గాఢతలో ఒక శాతం చిల్లర. పికోఆంపియర్లు కొలిచే ఎలక్ట్రోకెమిస్ట్రీకి, నరాల కణాల ప్రయోగాలకు పంజరం తప్పదు. కట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది జాలీ కన్ను సైజు కాదు, సెంటీమీటర్ లోపు కన్ను ఉన్న మామూలు జాలీ సరిపోతుంది. అతుకులు, తలుపు అంచు చూసుకోవాలి. తలుపు చుట్టూ సన్నటి సందు పొడుగునా ఉంటే పంజరం కట్టిన లాభం చాలావరకు పోతుంది.

మా పిల్లలు అంతరిక్షంలోని హైడ్రోజన్ నుంచి 1420 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే సంకేతం పట్టుకోవడానికి రేకు డబ్బాతో హార్న్ యాంటెనా చేశారు. అక్కడ మాత్రం వై-ఫైని ఆ మేడ మీద గంట సేపు ఆపించాం. పక్క బ్యాండ్ అయినా ముందుండే ఆంప్లిఫయర్ దాని దెబ్బకు నిండిపోతుంది. ఆపింది ఒక్క యాక్సెస్ పాయింట్, షెడ్యూల్ వేసి, ముందే నోటీసు పెట్టి. ఎవరూ అడ్డు చెప్పలేదు.

క్యాంపస్‌నెట్_పాలమూరు

మేడం, ఇక నా వంతు. మీ నెట్‌వర్క్ వాళ్లకు ఇది చూపించండి.

ఆ యాక్సెస్ పాయింట్‌ను బల్ల మీద నుంచి తీసి కారిడార్‌లోకి, ల్యాబ్ గోడకు అవతలికి మార్చాలి. దూరం మూడింతలైతే ఫీల్డ్ మూడో వంతవుతుంది, గోడ మింగేది అదనం. పవర్ సెట్టింగ్‌ను 20 డీబీఎం (పవర్ కొలిచే యూనిట్) నుంచి 11కి దించితే 100 మిల్లీవాట్లు పన్నెండు పదమూడుకు వస్తాయి. కవరేజీ తగ్గుతుందనే భయం వద్దు, తక్కువ పవర్‌తో రెండు పెడితే ఎక్కువ పవర్‌తో ఒకటి పెట్టినదానికంటే పిల్లలకూ స్పీడు బాగుంటుంది. ల్యాబ్ వైపు 2.4 రేడియో ఆపేసి 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉంచండి, గోడలు దాన్ని ఎక్కువ ఆపుతాయి. ఎస్‌ఎస్‌ఐడీలు రెండు మూడుకు కుదించండి. పాత 1 ఎంబీపీఎస్ రేట్లు తీసేస్తే ఒక్కో బీకన్ గాల్లో ఉండే సేపు బాగా తగ్గుతుంది.

ల్యాబ్ పీసీలకు వై-ఫై అసలు వద్దు, కేబులే. చాలా పరికరాల సాఫ్ట్‌వేర్ పాత విండోస్ మీదే నడుస్తుంది, అప్‌డేట్లు రావు. వాటిని ఇంటర్నెట్ లేని వేరే వీలాన్‌లో (అదే నెట్‌వర్క్‌లో విడదీసిన భాగం) పెట్టి, డేటా తీయడానికి ఒక సర్వర్ దారి మాత్రం ఇవ్వండి. బ్లాకుల మధ్య రాగి కేబుల్ లాగనివ్వకండి, ఫైబర్ వేయించండి. రెండు బిల్డింగుల ఎర్త్‌లు షీల్డ్ ద్వారా కలిస్తే మీరు సాకెట్‌లో చూసిన 7 వోల్టుల లాంటివి మీ నెట్‌వర్క్ స్విచ్‌లోకి వస్తాయి. ఇంకొకటి, పీసీకి యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ తగిలిస్తే దాని రొద 2.4 బ్యాండ్‌లోనే పడుతుంది. అదీ మీటర్ కేబుల్‌కు దూరంగా ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఒక మ్యాప్. ఏ గదిలో ఏ పరికరం, దానికి ఏది పడదు అని ల్యాబ్‌ల వాళ్లు రాసి నెట్‌వర్క్ రూమ్‌కు ఇవ్వాలి. నిచ్చెన వేసుకుని వచ్చిన కుర్రాడికి కింద బల్ల మీద ఉన్నదేమిటో ఎవరూ చెప్పకపోతే అతనికెలా తెలుస్తుంది?

హాస్టల్_సి_బ్లాక్

గీ మ్యాప్ ముచ్చట మా దగ్గర కూడ చెప్త. మేడం, ల్యాబ్ తలుపు కాడ ఫోన్లకు తాళం ఉన్న డబ్బాలు పెట్టించుండ్రి. ఊకె బయట పెట్టుమంటే ఎవ్వరు పెట్టరు, పోతయని భయం.

నీళ్లపరీక్ష_నల్లగొండ

తాళం డబ్బాలు రాసుకున్నాం తమ్ముడూ. లెటర్ మారింది. వై-ఫై తీసేయాలన్న మాట పోయింది. యాక్సెస్ పాయింట్ జరపడం, పవర్ తగ్గించడం, కొత్త ఎర్త్ గుంత, తలుపు దగ్గర డబ్బాలు, మ్యాప్. హెడ్ సార్ సంతకం పెట్టారు.

ఇప్పుడు నా మనసంతా శాంపిల్స్ మీదే ఉంది. సెలవుల తర్వాత 1.2కూ 1.9కూ మధ్య వచ్చినవన్నీ మళ్లీ కొలవాలి. ఫ్లోరైడ్ నీళ్లు ప్లాస్టిక్ సీసాలో 28 రోజుల దాకా ఉంచి కొలవచ్చు. ఆ గడువు దాటినవి పారబోసి, ఊళ్లకు వెళ్లి కొత్తగా తేవాలి. పటిక, సున్నం వేసి శుద్ధి చేసిన నీళ్లు కూడా కొన్ని ఉన్నాయి. మన జిల్లా పేరుతోనే ఉన్న నల్లగొండ పద్ధతి అదే, నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లది. వాటిలో అల్యూమినియం మిగిలితే ఫ్లోరైడ్‌ను పట్టుకుని రీడింగ్ తక్కువ చూపిస్తుంది, కాబట్టి వాటిని విడిగా చేయాలి. రిపోర్టు ఇప్పటికే అందిన ఊళ్లకు ఫోన్ చేసి, మళ్లీ కొలిచి చెప్పేదాకా ఆ బోరు నీళ్లు తాగొద్దని చెప్తున్నాం.

ఎలక్ట్రీషియన్_మిర్యాలగూడ

మా దిక్కు ఊర్లు ఏమేమున్నయో చెప్పుండ్రి. సీసాలు పంపితే పనికి పోయినప్పుడు నేనే నింపుకొస్త. ఎట్ల నింపాలె?

నీళ్లపరీక్ష_నల్లగొండ

చాలా మేలు అన్నా. మీ వైపు ఊళ్ల పేర్లు మెసేజ్‌లో పెడతాను. మోటార్ వేశాక ఐదు నిమిషాలు నీళ్లు పోనివ్వండి. అవే నీళ్లతో సీసా మూడుసార్లు తొలిచి, అంచు దాకా నింపి మూత బిగించండి. గాజు సీసా వద్దు, మేం పంపినదే వాడండి. సీసా మీద ఊరు, బోరు ఎవరిది, తేదీ, టైమ్ రాయండి. పెన్ను చెరిగిపోతుంది, పెన్సిల్‌తో రాసి పైన టేపు వేయండి.